మూడు వందల ల్హోటాల్లో ఒకటి

లోటా, టెక్సస్
2023 సెప్టెంబరు 10

అత్తయ్యా,

ఫోన్‌లో నేను గొంతు చించుకుని చెప్పినదాంట్లో నీకు "బాగున్నాను" ఒక్కటే వినపడిందని మనీషా అక్క మెసేజ్ పెట్టింది. చెవికి మెషిన్ పెట్టుకోమంటే పెట్టుకోవు. ఫోన్‌లో చదవమంటే కళ్ళు లాగుతాయంటావు. సరే, నీ మాటే నెగ్గింది. ఉత్తరాలే రాస్తాను. చేతిరాతకి మార్కులు మాత్రం తీసెయ్యకు.

ముందు ఊరి పేరు చెప్తాను, నవ్వకూడదు. లోటా. అవును, మన చెంబు లోటాలాగే. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మధ్యలో ఒక హెచ్ ఉంది గానీ ఇక్కడ దాన్ని ఎవరూ పలకరు. హ్యూస్టన్ నుంచి పడమరగా రెండు గంటలు డ్రైవ్ చేసి హైవే దిగితే మొక్కజొన్న చేలు, ఆవులు, మళ్ళీ చేలు. తర్వాత ఒక నీళ్ళ ట్యాంకు, బేకరీ, డాన్స్ హాలు, చర్చి, మా క్లినిక్. అంతే. చదువయ్యాక ఇండియా తిరిగి వెళ్ళక్కర్లేదనే జె-వన్ వీసా వేవర్ కోసం డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచెయ్యాలంటే ఎక్కడికి పంపుతారో అనుకున్నాను. నాతో రెసిడెన్సీ చేసినవాళ్ళు ప్లేనోలో, నేపర్‌విల్‌లో ఇండియన్ షాపుల పక్కన ఇళ్ళు వెతుక్కుంటున్నారు. నాకు కరివేపాకు కావాలంటే రానూపోనూ నాలుగు గంటలు.

ఊళ్ళో దాదాపు అందరూ చెక్ వాళ్ళే. ముత్తాతలు ఓడెక్కి గాల్వెస్టన్‌లో దిగి, అక్కణ్ణించి ఎడ్లబండ్ల మీద వచ్చారట. ముసలివాళ్ళు క్లినిక్‌లో ఇప్పటికీ ఆ భాషే మాట్లాడుకుంటారు. నేను గదిలోకి రాగానే ఆపేస్తారు.

మొన్న ఆల్బీనా క్రెనెక్ అనే ఆవిడ వచ్చింది. ఎనభై ఎనిమిదేళ్ళు. చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. బీపీ చూస్తుంటే "నీదే ఊరు?" అంది. ఇండియా అన్నాను. "అది దేశం. ఊరు చెప్పు." నరసాపురం అన్నాను. "అదృష్టవంతురాలివి. నీ ఊరేదో నీకు తెలుసు" అంది.

విషయమేమిటంటే, వచ్చే ఏడాదికి ఈ ఊరు పుట్టి నూట యాభై ఏళ్ళు. వీళ్ళ పెద్దలు మొరావియాలోని ల్హోటా అనే ఊరి నుంచి వచ్చి దీనికీ అదే పేరు పెట్టుకున్నారు. కానీ చెక్ దేశంలో ఆ పేరుతో దాదాపు మూడు వందల ఊళ్ళున్నాయట! వీళ్ళది ఏ ల్హోటానో ఎవరికీ తెలీదు. పోయేలోపు తెలుసుకోవాలని ఆల్బీనా కోరిక.

నీకు నచ్చుతుందని రాశాను. నాకు మాత్రం ఇక్కడ ఏమీ తోచడం లేదు. ఏమీ లేని ఊరు. ఈ మూడేళ్ళూ ఎలాగో గడిచిపోవాలని నువ్వు కూడా ప్రార్థన చెయ్యి.

నీ ఫెబీ

*

హెర్న్‌డన్, వర్జీనియా
2023 సెప్టెంబరు 24

ఫెబీకి మేనత్త జోసఫిన్ ప్రేమతో, దేవుడి కాపుదల నీ మీద ఉండాలని కోరుతూ రాసేది.

నవ్వొద్దన్నావు గానీ నవ్వాను. మీ జోనాథన్ బావకి చదివి వినిపిస్తే "డాక్టరమ్మ చెంబులో పడింది" అన్నాడు. వాడి పెళ్ళాం మనీషా కసిరింది. ఆ తర్వాత నాకు మనసు కలుక్కుమంది. మీ నాన్న నిన్ను నా దగ్గర వదిలి పోయేనాటికి నువ్వు పదో క్లాసు. ఎక్కడున్నా నా కళ్ళముందే ఉండాలనిపిస్తుంది.

కానీ ఒకటి. నరసాపురం ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు జాగ్రఫీ చెప్పినదాన్ని పట్టుకుని "ఏమీ లేని ఊరు" అంటే ఒప్పుకుంటానా? అలాంటి ఊరు భూమ్మీద లేదు. మట్టి ఏ రంగు? వాన పడితే నీళ్ళెటు పోతాయి? ఏ గాలికి జనం తలుపులు వేసుకుంటారు? ఇవేవీ రాయకుండా కరివేపాకు లేదని రాశావు. పదికి మూడు మార్కులు.

బావ కంప్యూటర్‌లో నేనే చూశాను. మీది నల్లరేగడి. ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే కాళ్ళకున్న చెప్పులు లాగేసుకుంటుంది. మన పల్నాటి పత్తి నేలకి చుట్టం. ఆ నేలని చూసే వాళ్ళ తాతలు బళ్ళు ఆపుంటారు. మీకు దగ్గర్లో పారేది కొలరాడో. గ్రాండ్ కాన్యన్ కొలరాడో వేరు, ఇది వేరు. మన చర్చిలో ఒకాయన రెండూ ఒకటేనని వాదించాడు. పోయిన ఆదివారం మ్యాప్ తీసుకెళ్ళి చూపించాను. ఇప్పుడు పలకరించడం లేదు.

ఇక ఆ ల్హోటాల సంగతి. మన దగ్గర కొత్తపల్లెలు ఎన్నున్నాయి? కొత్తపాలేలు ఎన్నున్నాయి? పేరు పట్టుకుని వెతికితే ఊరు దొరకదు, నేల పట్టుకుని వెతకాలి. ఆ ముసలమ్మనీ, ఆమె ఈడువాళ్ళనీ అడుగు. రాజుల సంగతులు నాకొద్దు. వాళ్ళ నాయనమ్మలు "మా ఊళ్ళో అయితేనా" అని మొదలెట్టి ఏం చెప్పేవారో అది కావాలి. సామెతలు, సణుగుళ్ళు, తిట్లు అన్నీ రాయి. ఇది పనికిరాదులే అని నువ్వు ఏరకు.

రోజులు గడిచిపోవాలని ప్రార్థన చెయ్యడం నాకు చేతకాదమ్మా. కానీ నీకక్కడ కష్టంగా ఉందని అర్థమైంది. దాని సంగతి నేను చూస్తాను.

ఎదురుచూసే
మీ జోసఫిన్ అత్త

*

లోటా
2023 అక్టోబరు 22

అత్తయ్యా,

నీ హోమ్‌వర్క్ మొదలుపెట్టాను. పేషెంట్ల దగ్గర హిస్టరీ తీసుకుంటాం కదా, చివర్లో ఇదీ అడుగుతున్నాను. "మీ నాయనమ్మ పాత ఊరి గురించి ఏమనేది?" మోకాళ్ళ నొప్పి అని వచ్చినవాళ్ళు నొప్పి మర్చిపోయి అరగంట కూర్చుంటున్నారు. అపాయింట్‌మెంట్లన్నీ లేటు. రిసెప్షన్‌లో అమ్మాయి నా మీద మండిపడుతోంది. కానీ ఒక సంగతి, ఇప్పుడు నేను గదిలోకి వెళ్తే మాటలు ఆపడం లేదు.

దొరికినవి రాస్తున్నాను. ఆ ఊరు పల్లంలో కాదు, కొండ వెన్ను మీద ఒకే వరసలో ఉండేదట. గాలి ఎంతంటే, పెళ్ళికూతురి ముసుగు ఒక ఊళ్ళో ఎగిరి ఇంకో ఊళ్ళో దొరికిందని జోక్. పొలంలో ప్రతి ఏడూ రాళ్ళు మొలిచేవట, బంగాళాదుంపల కంటే ముందు రాళ్ళే ఏరేవాళ్ళట. గొర్రెలు. ప్లమ్ చెట్లు. ఎవరైనా తిక్కగా మాట్లాడితే "వీడికి రెండు వైపులా గాలి కొట్టింది" అని తిట్టు.

ఆల్బీనా ఇంకో మాట చెప్పింది. ఊళ్ళో అందరికీ తెలిసిన మాటే. "మా ఇంటి కప్పు మీద వాన రెండు సముద్రాల్లో కలుస్తుంది." ఒకే ఇంటి పిల్లలు కొందరు అక్కడ, కొందరు అమెరికాలో అయిపోయారని దాని భావమట. డాన్స్ హాల్లో గోడమీద ఎంబ్రాయిడరీ చేసి ఫ్రేమ్ కట్టారు. చదివితే నాక్కూడా మన ఇల్లు గుర్తొచ్చింది.

ఇంకోటి, ఇది పనికిరాదేమో గానీ నువ్వు ఏరొద్దన్నావు. చర్చి గుమ్మం వెనకవైపు ఉంది. రోడ్డు ఇటుంటే గుమ్మం చేలవైపు. కారు పార్క్ చేసి అందరం చుట్టూ తిరిగి వెళ్తాం. ఎందుకలా కట్టారని ఆల్బీనా మేనల్లుడు స్టాన్లీని అడిగాను. డెబ్భై ఏళ్ళ మనిషి, ఉత్సవాల కమిటీకి ఛైర్మన్. "మా తాతని అడిగితే నోరుమూసుకుని చుట్టూ తిరుగు అన్నాడు. అప్పట్నించీ తిరుగుతున్నాను" అన్నాడు. చర్చికి గంట కూడా లేదు.

నువ్వు పంపిన గసగసాలు అందాయి. ఇక్కడి తీపి బన్నుల్లో నల్ల గసగసాలు వేస్తారు. మనవి తెల్లవి. ఆల్బీనా చేసి చూసింది. "రుచి బాగుంది, కానీ బన్నుకి ముసలితనం వచ్చినట్టుంది" అంది.

ఉంటాను, క్లినిక్ టైమ్ అయింది.
ఫెబీ

*

హెర్న్‌డన్
2023 నవంబరు 6

ఫెబీ! పదికి పది!

గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. ఆ వాన మాట అమెరికా వచ్చాక పుట్టిన సామెత కాదే. జాగ్రఫీ! ఉన్నది ఉన్నట్టు చెప్పిన మాట!

నైన్త్ క్లాసులో నీకు నేనే చెప్పాను, గుర్తుందా? పడమటి కనుమల మీద ఒకే రాయికి అటు జారిన చినుకు అరేబియా సముద్రంలో పడుతుంది, ఇటు జారినది గోదావరిలో కలిసి దేశం అడ్డంగా నడిచి మన నరసాపురం దాకా వచ్చి బంగాళాఖాతంలో పడుతుంది. అలాంటి గీత ఒకటి మొరావియాలో ఉంది. గీతకి ఉత్తరాన పడ్డ వాన ఓడ్రా నదిలోకి, అక్కణ్ణించి బాల్టిక్ సముద్రానికి. దక్షిణాన పడ్డది మొరావా నదిలోకి, డాన్యూబ్‌లోకి, నల్ల సముద్రానికి. వాళ్ళ ఇల్లు సరిగ్గా ఆ గీత మీద ఉండుండాలి. ఇంటి కప్పుకి ఉత్తరపు వాలు ఒక సముద్రానిది, దక్షిణపు వాలు ఇంకో సముద్రానిది!

గుమ్మం సంగతి పనికిరాదేమో అన్నావా? తాళంచెవి అదే. పదిహేడో శతాబ్దంలో ఆ దేశంలో ప్రొటెస్టెంట్ల మతం నిషేధించారు. నూట యాభై ఏళ్ళకు పైగా దొంగతనంగా అడవుల్లో ఆరాధన చేసుకున్నారు, సోదాలొస్తే బైబిలుని రొట్టెపిండిలో పెట్టి దాచారని చెప్తారు. 1781లో చక్రవర్తి సరే కట్టుకోండన్నాడు గానీ షరతులు పెట్టాడు. గోపురం ఉండకూడదు, గంట ఉండకూడదు, గుమ్మం వీధివైపు ఉండకూడదు. టెక్సస్‌లో వాళ్ళని ఎవరు ఆపారు? ఎవరూ ఆపలేదు. అయినా అలవాటు కొద్దీ అలాగే కట్టుకున్నారు. చదువుతుంటే నా కళ్ళు నిండాయి.

కాబట్టి కొండ వెన్ను, ఆ గీత, ప్రొటెస్టెంట్ చర్చి, గాలి. బావ ఆఫీసు గదిలో పెద్ద స్క్రీన్ నాకు వదిలేశాడు. ఒక్కో ల్హోటా తీసి చూశాను. గీత మీద కూర్చున్నవి కొన్నే. అందులో అలాంటి చర్చి ఉన్నది నాకు ఒక్కటే దొరికింది. దాని పేరు వ్యేత్ర్నా ల్హోటా. వాళ్ళ భాషలో ఆ మొదటి మాటకి అర్థం ఏమిటో తెలుసా? గాలి. గాలి ల్హోటా!

అసలు ల్హోటా అంటే కూడా తెలుసుకున్నాను. పూర్వం అడవి కొట్టి పొలం చేసుకున్నవాళ్ళకి కొన్నేళ్ళు శిస్తు లేకుండా వదిలేసేవారు. ఆ గడువు పేరుతో వెలిసిన ఊళ్ళివి. నీ వేవర్ లాంటిదే అనుకో. అందుకే అన్ని ల్హోటాలు.

కమిటీకి ఇంగ్లిష్‌లో విడిగా రెండు పేజీలు రాసి పెట్టాను. అందరిముందూ చదువు. గట్టిగా, నిలబడి.

గర్వంతో
మీ అత్త

*

లోటా
2023 నవంబరు 21

అత్తయ్యా,

రెండు లైన్లే. కమిటీలో నీ పేజీలు చదివాను, నిలబడే చదివాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి స్టాన్లీ గట్టిగా నవ్వేసి లేచి బయటికి వెళ్ళిపోయాడు. మీటింగ్ అక్కడితో ఆగింది. ఇంకా ఏమీ తేల్చలేదు. ఇంతలో ఒకాయనకి షుగర్ పడిపోయిందని పిలుపు, పరిగెత్తాలి. వివరంగా మళ్ళీ రాస్తాను.

ఫెబీ

*

లోటా
2024 జనవరి 14

అత్తయ్యా,

క్రిస్మస్ వెళ్ళింది, కొత్త సంవత్సరం వెళ్ళింది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. నేను వివరంగా రాస్తానని రాయలేదు, నిజమే. ఫ్లూ సీజన్, ఊరికి నేనొక్కదాన్ని. ఒంట్లో బాలేదేమోనని మనీషా అక్కకి కాల్ చేశాను. నువ్వు బాగానే ఉన్నావంది. ఇంకో సంగతి కూడా చెప్పింది.

మీ చర్చిలో రూతు ఆంటీ వాళ్ళ హాస్పిటల్‌లో నాకు జాబ్ అడిగావట. వేవర్ అవగానే వచ్చేస్తుందని మాటిచ్చావట. ప్రతి బుధవారం ప్రార్థనలో "ఫెబీ ఆ అడవిలోంచి బయటపడాలి" అని అందరిచేతా ప్రార్థన చేయిస్తున్నారట. నన్నొక మాట అడిగావా?

ఏమీ లేని ఊరు భూమ్మీద లేదని నాకు పాఠం చెప్పింది నువ్వే. అదే నోటితో దీన్ని అడవి అంటావా? మేనకోడలు లోటాలో ఉందని చెప్పుకోవడం నీకు నామోషీ అయితే చెప్పకు. నేను చెప్పుకుంటాను. మొన్న మంచు వానకి కరెంటు పోతే స్టాన్లీ ట్రాక్టరేసుకుని క్లినిక్‌కి జెనరేటర్ తెచ్చాడు. ఎవరూ అడగలేదు. ఆల్బీనా సూపు పంపింది. నేను అడవిలో లేను.

ఆ చెక్ ఊరికి కమిటీ ఉత్తరం రాసింది. నీకిక ఆసక్తి ఉందో లేదో.

ఫెబీ

*

హెర్న్‌డన్
2024 జనవరి 28

ఫెబీకి,

నీ కోపం చదివాను. నా సంగతి కూడా విను.

నవంబర్లో నువ్వు రాసింది నా ముందే ఉంది. పెద్దమనిషి గట్టిగా నవ్వి లేచి వెళ్ళిపోయాడు, మీటింగ్ ఆగిపోయింది. ఇక దానికి అర్థం చెప్పక్కర్లేదు. వర్జీనియాలో కూర్చున్న చెవిటి ముసలిది, ఆ ఊరు చూడలేదు, ఈ ఊరూ చూడలేదు, మాకు మా ఊరి సంగతి చెప్తుందా అని నవ్వుంటారు. నా వల్ల నీకు నలుగురిలో తలవంపులయ్యాయనుకున్నాను. అందుకే కలం పట్టలేదు. స్క్రీన్ కూడా బావకి తిరిగిచ్చేశాను.

ఉద్యోగం సంగతి. అది అడిగింది సెప్టెంబర్లో, నీ మొదటి ఉత్తరం చదివాక. ఏమీ తోచడం లేదు, ప్రార్థన చెయ్యి అని రాసింది నువ్వేగా? పిల్ల కష్టపడుతోందని నా ప్రాణం కొట్టుకుంది. రూతుగారు మంచి మనిషి, వెంటనే సరేనంది. అడవి అన్నది నేను కాదు. నేను "పల్లెటూరు" అన్నాను, ప్రార్థన చేసేవాళ్ళు అడవి చేశారు. నేను సరిదిద్దలేదు. అది తప్పే.

కానీ నీకక్కడ బాగుందని ఏ ఉత్తరంలో రాశావు? నేను చదువుకున్న టీచర్నే గానీ సోదె చెప్పేదాన్ని కాను.

జోసఫిన్

*

లోటా
2024 ఫిబ్రవరి 18

అత్తయ్యా, అత్తయ్యా,

ముందు స్టాన్లీ నవ్వు. నాదే పొరపాటు, సగం రాసి పరిగెత్తాను. గుమ్మం ఎందుకు వెనక ఉందో నువ్వు రాసింది చదవగానే ఆయన "చుట్టూ తిరుగు, చుట్టూ తిరుగు" అని వాళ్ళ తాత గొంతుతో అంటూ నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. ఎవరూ చూడకూడదని బయటికి వెళ్ళి తన ట్రక్కులో కూర్చున్నాడు. అరవై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నకి జవాబు దొరికితే మనిషి ఏం చేస్తాడు చెప్పు? మీటింగ్ ఆగింది అందుకు. నీ రెండు పేజీలూ ఇప్పుడు బేకరీలో అద్దం వెనక అంటించి ఉన్నాయి.

రెండోది. జవాబొచ్చింది! గాలి ల్హోటా మేయరు యిట్కా అనే ఆవిడ. ఆ ఊళ్ళో కొసన ఉన్న ఒక ఇంటిని ఇప్పటికీ "అమెరికావాళ్ళ ఇల్లు" అంటారట. ఎందుకంటారో చాలామంది మర్చిపోయారట గానీ పేరు మాత్రం ఉండిపోయింది. పక్కింట్లో ఉంటున్న కుటుంబం ఇంటిపేరు క్రెనెక్. వాన రెండు సముద్రాల మాట వాళ్ళ దగ్గరా ఉందట, కాకపోతే అక్కడ అది సామెత కాదు, ఇంటి చిరునామా చెప్పే తీరు. చర్చి రిజిస్టర్లో కూడా చూసి మూడు కుటుంబాల పేర్లు పంపారు. అన్నీ ఇక్కడి పేర్లే.

ఆల్బీనాకి నేనే చెప్పాను. ఆ మూడు కుటుంబాల పేర్లూ మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. తర్వాత "నీ బీపీ మిషన్ తీసుకురా, ఇప్పుడు చూడు" అంది. చూశాను. ఎప్పటికంటే తక్కువే ఉంది.

జూన్‌లో ఇక్కణ్ణించి కొందరు ఆ ఊరు వెళ్తున్నారు. ఆల్బీనా గుండెకి ప్రయాణం పనికిరాదు, నేనే వద్దన్నాను. నేను దేశం దాటితే మళ్ళీ వీసా స్టాంపింగ్ గొడవ, పైగా క్లినిక్ ఎవరు చూస్తారు? అందుకని కమిటీ అంతా కలిసి నిన్ను రమ్మంటున్నారు. నీకు సిటిజన్‌షిప్ ఉందిగా, వెళ్ళు. ఆల్బీనా ఏమందో తెలుసా? "టీచరు వెళ్తే నేను వెళ్ళినట్టే."

మూడోది. నేను బాగున్నానని రాయలేదు, నిజమే. అది నాకే ఎప్పుడు తెలిసిందో తెలీదు. గడువు అయ్యాక కూడా ఇక్కడే ఉండాలనుంది. వీళ్ళు ఒక్కరూ నన్ను ఉండమని అడగలేదు. ఎప్పుడు వెళ్తావనీ అడగలేదు. రూతు ఆంటీకి నా తరఫున నువ్వే చెప్పాలి.

ఫెబీ

*

వ్యేత్ర్నా ల్హోటా, చెక్ దేశం
2024 జూన్ 16

ఫెబీకీ, పక్కన కూర్చుని వింటున్న ఆల్బీనాగారికీ,

విమానం, రైలు, బస్సు, చివరికి యిట్కాగారి కారు. వచ్చాను. కొండ వెన్ను మీద ఊరు నిలబడి ఉంది.

ఆల్బీనాగారూ, మీ ఊరు ఎలా ఉందంటే వినండి. రోడ్డు ఒక్కటే, దానికి ఇటొక ఇల్లు, అటొక ఇల్లు. రెండు పక్కలా నేల కిందికి దిగిపోతుంది. ఉత్తరాన పోలండ్ వైపు మైదానం, దక్షిణాన వరసగా కొండలు. పొలాల గట్లన్నీ రాళ్ళే, మీ పెద్దలు ఏరి పోసిన రాళ్ళు. మట్టి పలచన, గోధుమ రంగు, చేత్తో తీస్తే సగం పలుగురాళ్ళు. ఇక్కణ్ణించి వెళ్ళి మీ నల్లరేగడిలో మొదటిసారి నాగలి దింపినవాడి మొహం ఎలా వెలిగిందో నేను ఊహించుకున్నాను. గాలి గురించి మీవాళ్ళు కోతలు కొయ్యలేదు. నా చీర కొంగు పట్టుకోవడానికే ఒక మనిషి కావాల్సొచ్చింది.

చరిత్ర యిట్కాగారి కూతురు ఇంగ్లిష్‌లో నా చెవి దగ్గర అరిచి చెప్పింది. అడవి కొట్టిన కాలం, దొంగచాటు ఆరాధనల కాలం, బంగాళాదుంపలు కుళ్ళి ఆకలితో మాడిన ఏళ్ళు, ఓడలెక్కినవాళ్ళు. తర్వాత రెండు యుద్ధాలు. ఆ తర్వాత ప్రభుత్వం పొలాలన్నీ కలిపేసి గట్లు దున్నించింది, అందుకే రాళ్ళ గట్లు ఇప్పుడు కొన్నే మిగిలాయి. ఈ మధ్య పురుగు పట్టి కొండ మీద చెట్లు ఎండిపోయాయి. పిల్లలు టౌనులో ఫ్యాక్టరీ పనులకి వెళ్తారు. బడి మూసేశారు. అయినా ఊరు ఉంది.

నిన్న వాన పడింది. స్టాన్లీ "అమెరికావాళ్ళ ఇంటి" చూరు కింద ఉత్తరం వైపు నిలబడ్డాడు, యిట్కాగారు దక్షిణం వైపు. ఇద్దరూ తడుస్తూ కప్పు మీదుగా కేకలేసుకున్నారు. నాకు వినపడలేదు, కానీ అక్కడున్న వాళ్ళంతా నవ్వి నవ్వి గోడలు పట్టుకున్నారు.

ఈరోజు ఆరాధన. చర్చి గుమ్మం వెనకే ఉంది. మీవాళ్ళు అడక్కుండానే చుట్టూ తిరిగి వెళ్ళారు. ఊరివాళ్ళు వాళ్ళని చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బయటివాళ్ళెవరైనా ముందు రోడ్డు వైపు వెళ్ళి గుమ్మం వెతుక్కుంటారట. సమాధుల దగ్గర పాస్టరుగారు నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. తెలుగులోనే చేశాను. అడవిలో గొంతు తగ్గించి ప్రార్థించినవాళ్ళ కోసం కదా, గొంతు పెంచి చేశాను.

మధ్యాహ్నం బడి తెరిచారు, ఇప్పుడది మీటింగ్ హాలు. యిట్కాగారు నన్ను నిలబెట్టి అన్న మాట కాగితం మీద రాయించుకున్నాను. "మా ఊరు ఎక్కడుందో మాకు తెలుసు. ఎవరెవరిదో ఈ టీచరు చెప్పింది." బల్ల దగ్గర నల్లబోర్డు ఇంకా ఉంది. సుద్దముక్క ఇచ్చారు. నేనేం చేశానో చెప్పాలా? గోదావరి గీశాను.

ఇక్కడ ప్రతి ఊరికీ ఒక చరిత్ర పుస్తకం ఉంటుంది, ఏడాదిలో జరిగినవి రాస్తారు. చట్టమట. ఈ ఏటి పేజీలో నాచేత సంతకం పెట్టించారు. తెలుగులో పెట్టాను. కింద "నరసాపురం" అని రాశాను. అదేమిటని అడిగితే "నా ల్హోటా" అన్నాను.

మీ ఊరి గాలిలో కూర్చుని
జోసఫిన్

*

లోటా
2024 జులై 7

అత్తయ్యా,

నీ ఉత్తరం ఆల్బీనాకి చదివాను. ఇంగ్లిష్‌లో చెప్పబోతుంటే "ముందు ఆవిడ రాసిన భాషలో చదువు" అంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు మూసుకుని చివరిదాకా వింది. తర్వాత ఇంగ్లిష్‌లో రెండుసార్లు. రాళ్ళ గట్ల దగ్గర ఆపమని, మళ్ళీ చదవమంది.

నిన్న ఉత్సవం. ఆరాధనలో ఆర్గన్ ఆమే వాయించింది. బయటికొచ్చాక పెద్దలందరి పేర్లూ చదివి, తర్వాత నీ పేరు చదివారు. "జోసఫిన్" అని అందరూ పలికారు గానీ ఇంటిపేరు దగ్గర ఆగి నావైపు చూశారు. నేను చెప్పాను. స్టాన్లీ రెండోసారికి సరిగ్గా పలికాడు.

క్లినిక్‌తో కొత్త కాంట్రాక్ట్ మాట్లాడాను. ఉంటున్నాను. నువ్వింకా రూతు ఆంటీకి చెప్పలేదని మనీషా అక్క అంటోంది. ఎప్పుడు చెప్తావు?

ఫెబీ

*

హెర్న్‌డన్
2024 జులై 21

ఫెబీ,

చెప్పేశాను. ఇందాకే, చర్చిలో, అందరి ముందూ. ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా రాస్తున్నాను.

సాక్ష్యాల సమయంలో లేచాను. చెక్ దేశం ప్రయాణం గురించి చెప్తాననుకుని పాస్టరుగారు ఐదు నిమిషాలన్నారు. నేను ముందు వేరే మాట చెప్పాను. "నా మేనకోడలు ఫెబీ కోసం మీరంతా ప్రార్థన చేశారు. అడవిలోంచి రావాలని అడిగారు. అది అడవి కాదు. అక్కడ జనం నూట యాభై ఏళ్ళుగా దున్నుకుంటున్నారు, పాడుకుంటున్నారు. ఆ ఊరికి డాక్టరు నా పిల్ల. ఇక రాదు. ఇది బాధతో చెప్పడం లేదు, తల ఎత్తుకుని చెప్తున్నాను" అన్నాను. రూతుగారి వైపు తిరిగి, "మీకిచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి" అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంది. నొచ్చుకుందేమో అనుకున్నాను.

అప్పుడు వెనక బెంచీలోంచి కొలరాడో ఆయన, అదే, నన్ను పలకరించని ఆయన, లేచి "ఎక్కడండీ ఆ ఊరు?" అన్నాడు.

సండే స్కూల్ బోర్డు లాక్కొచ్చి ముందు పెట్టాను. ఒక పక్క మొరావియా గీశాను, కొండ వెన్ను, రెండు నదులు. ఇంకో పక్క టెక్సస్. మధ్యలో సముద్రం, గాల్వెస్టన్. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటాయి. ప్రేమ విందుకి చేసిన పులావు చల్లారిపోయింది. సండే స్కూల్‌కి వచ్చే నైనిక వాళ్ళమ్మ నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చి మళ్ళీ వెళ్ళి కూర్చుంది. ఎవరూ కదల్లేదు. నా క్లాసులో ఎవరూ కదలరు, నీకు తెలుసుగా.

అందరూ భోజనాలకి లేచాక రూతుగారు బోర్డు దగ్గరికి వచ్చింది. నదులూ గీతలూ చాలాసేపు చూసింది.

"ఇందులో మన ఫెబీ ఎక్కడ?" అంది.

మార్కర్ ఆవిడ చేతికిచ్చి చోటు చూపించాను. చుక్క ఆవిడే పెట్టింది.

ఉంటానమ్మా. ఆ ఊళ్ళో చల్లగా ఉండు.
నీ అత్త